మా డిస్కో దుకాణం

నాకు సంబంధాలు చూసే రోజుల్లో, పెళ్ళికొడుకు గురించి మా ఇంటికి చేరిన మొదటి సంగతి ఏందంటే, ఆయన్ని మార్కాపురంలో అందరూ డిస్కో అంటారని. ఆ కబురు తెచ్చింది మా మేనమామ. కురిచేడు స్టేషన్లో రైలు దిగి నేరుగా మా నాయన కొట్టుకు వచ్చినాడు. కందుల బస్తా మీద కూర్చుని, నీళ్ళు తాగి చెప్పినాడు.

"పిల్లోడు నెమ్మదస్తుడు బావా. బట్టల దుకాణం, పైన సొంత ఇల్లు. కాకపోతే ఆ బజారులో డిస్కో అంటే తప్ప ఎవరికీ తెలీదు."

మా నాయన తూకం వేసేది ఆపినాడు. "డిస్కో అంటే ఏంది? రికార్డింగ్ డాన్సుల మనిషా?"

తిరునాళ్ళలో స్టేజీ కట్టి, సినిమా పాటలు పెట్టి ఆడే రికార్డింగ్ డాన్సులంటే మా నాయనకు అస్సలు గిట్టదు. మా ఊరి వైపు ఎప్పుడైనా అవి వస్తే ఆ రోజు కొట్టు కూడా తొందరగా కట్టేసి మమ్మల్ని బయటికి పోనిచ్చేవాడు కాదు.

"నేనూ అదే అడిగినా బావా. ఆడంగా చూసినోళ్ళు ఎవరూ లేరంట. మరి ఆ పేరెందుకు వచ్చిందో వాళ్ళూ చెప్పలేకపోయినారు."

నేను కొట్టు వెనక గదిలో మిరపకాయలు ఏరుతా ఇదంతా వింటున్నాను. మా నాయనకు ఏది భయమో నాకు అదే సంతోషం. లోపల ఎగిరి గంతేసినంత పనైంది.

ఎందుకంటే ఆ రోజుల్లో నాకు డిస్కో పిచ్చి. మా అన్న ఒంగోలులో చదువుకుంటా ఒక టేప్‌రికార్డరు కొనుక్కొచ్చినాడు. దాంట్లో హిందీ డిస్కో పాటల క్యాసెట్టు ఎప్పుడూ ఉండేది. భాష నాకు ఒక్క ముక్క తెలీదు. తెలియాల్సిన పని కూడా లేదు. అడుగున ధన్ ధన్ ధన్ ధన్ అని ఒకే తీరుగా దెబ్బ పడతా ఉంటే, దాని మీద తీగలు, బూరలు, మధ్యలో చప్పట్లు. వింటుంటే కాలు ఊరుకోదు. నాయన పల్లెల మీదికి సరుకు కొనడానికి పోయినప్పుడు, నేనూ పక్కింటి ఆడపిల్లలిద్దరూ గోడౌన్లో బస్తాల మధ్య ఆడేవాళ్ళం. మిరపకాయల కాలంలో ఆడితే ఘాటు లేచేది. ఒక అడుగు, ఒక తుమ్ము. అయినా మానలేదు. మా అమ్మకు తెలుసు గానీ తెలియనట్టే ఉండేది.

అట్లాంటి నాకు డిస్కో అని పేరున్న మొగుడు వస్తున్నాడంటే ఇంకేం కావాలి. నాయన రెండు మూడు చోట్ల విచారించి, మనిషికి చెడు అలవాట్లు లేవని తేల్చుకుని సరేనన్నాడు. పెళ్ళి అయింది. నేను మార్కాపురం వచ్చినాను.

వచ్చిన వారానికే నాకు అనుమానం మొదలైంది. మా ఆయన నెమ్మదైన మనిషి. కొంచెం లావు. నడిస్తే చెప్పుల చప్పుడు కూడా వినపడదు. రేడియోలో ఎంత మంచి పాట వచ్చినా వేలు ఆడించడు. పాట ఎప్పుడు అయిపోతుందా, వార్తలు ఎప్పుడు వస్తాయా అన్నట్టు కూర్చుంటాడు. వీధిలో పోయేవాళ్ళు మాత్రం "డిస్కో అన్నా, భోంచేసినావా?" అని పలకరిస్తారు. ఈయన తల ఊపుతాడు. నన్ను చూసి "డిస్కో వదిన వచ్చింది" అని నవ్వుకుంటారు.

ఒకరోజు పొద్దున ఉండబట్టలేక అడిగినాను. "మిమ్మల్ని డిస్కో అంటారెందుకు?"

ఆయన తాళాల గుత్తి తీసుకుని "దా" అన్నాడు. ఇద్దరం మెట్లు దిగి బజారు దాటి ఎదురు అరుగు దగ్గర నిలబడినాం. ఇంకా దుకాణాలు తెరవలేదు. మా దుకాణానికి ఎడమ వైపు కొంచెం గోడ, ఆ తర్వాత అంతా నాలుగు రెక్కల మడత తలుపులు. గోడ మీద మొదలుపెట్టి తలుపుల చివరిదాకా పెద్ద పెద్ద ఎర్ర అక్షరాలు.

"చదువు" అన్నాడు.

"డిస్కౌంట్ బట్టల దుకాణం."

ఆయన మళ్ళీ బజారు దాటిపోయి, తాళం తీసి, రెక్కలు ఒకదాని మీద ఒకటి మడిచి లోపలికి నెట్టినాడు. తలుపుల మీద ఉన్న అక్షరాలన్నీ వాటితో పాటే లోపలికి పోయినాయి.

"ఇప్పుడు చదువు" అన్నాడు అవతలి నుంచి.

గోడ మీద మిగిలింది డిస్కౌ. అంతే.

ఆ బోర్డు కథ తర్వాత మా మామ, అంటే మా ఆయన వాళ్ళ నాయన చెబితే విన్నాను. ఆయన ఏదో పనికి విజయవాడ పోయి, అక్కడ ఒక కొట్టు మీద డిస్కౌంట్ అనే మాట చూసి ముచ్చటపడినాడంట. తిరిగి రాగానే పెయింటరును పిలిచి, ఆ మాట ఎంత పెద్దగా పడితే అంత మంచిదన్నాడు. పెయింటరు అట్లనే పెద్దగా మొదలుపెట్టినాడు. రెండు అక్షరాలకే గోడ అయిపోయింది. మిగతాది తలుపుల మీదికి ఎక్కించినాడు. మర్నాడు దుకాణం తెరిచి చూసుకుంటే సంగతి తెలిసింది. మా మామ వాణ్ణి పట్టుకుని అడిగితే, "తలుపులు మూసి చూడు పెదనాయనా, ఒక్క అక్షరం కూడా పోలేదు" అన్నాడంట.

"మూసిన దుకాణానికి ఎవడొస్తాడురా బట్టలకు?"

మళ్ళీ రాయిద్దామనుకునే లోపలే బజారు ఆ పేరు పట్టుకుంది. అప్పుడు ఎక్కడ చూసినా డిస్కో పాటలే గదా. డిస్కౌ కాస్తా డిస్కో అయిపోయింది. డిస్కో దుకాణం, డిస్కో అన్న. పామూరు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళు కూడా పేరు అడుక్కుంటా వస్తుంటే మా మామ మనసు మార్చుకున్నాడు. అక్షరాలు వెలిసిపోతే మళ్ళీ అదే తీరుగా, అదే చోట రంగు వేయించినాడు.

నాకు నవ్వు వచ్చింది, కొంచెం దిగులూ వేసింది. డాన్సు ఆడే మొగుడు దొరికినాడనుకుంటే నాకు దొరికింది గోడ చాలని అక్షరాలు. ఆ మాట ఆయనతో అన్నాను కూడా. ఆయన ఒక నిమిషం ఆలోచించి "కాఫీ పెట్టుకుందామా?" అన్నాడు. ఆయన పద్ధతి అది.

పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక నేను కూడా మెల్లగా కింద దుకాణంలో కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. ఆడవాళ్ళకు జాకెట్టు గుడ్డలు, లంగా గుడ్డలు చూపించే పని నాది. అక్కడ కూర్చున్నాకే ఈ డిస్కో అనే మాట ఎన్ని వేషాలు వేస్తుందో తెలిసింది. హనుమంతునిపాడు వైపు నుంచి గొర్రెలు కాసుకునే ఇంటి ఆమె ఒకామె పెళ్ళిళ్ళ ముందు తప్పకుండా వచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు, "వదినా, డిస్కో గుడ్డ తియ్యి" అంది.

"అట్లాంటి పేరుతో గుడ్డ లేదమ్మా. ఇది దుకాణం పేరు."

"దుకాణం పేరే అది పెట్టుకుని గుడ్డ లేదంటావేంది? లైటు పడితే మినుకు మినుకు అనాల. పిల్లకు లంగాకు."

అప్పుడు అర్థమైంది, చెమ్కీలు కుట్టిన మెరుపు గుడ్డ. తీసి పరిచినాను. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి సంతోషపడింది. కత్తిరించి ఇచ్చాక, అంచున మిగిలిన పేలిక కూడా అడిగి తీసుకుంది.

"ఇది దేనికి?"

"పొట్టేలు మెడకు కడతా. దాని పేరు గూడా డిస్కోనే. ఒక్క చోట నిలబడదు ముండమోసింది."

"మా ఆయన పేరు కూడా అదే" అన్నాను.

ఆమె గల్లా దగ్గర కదలకుండా కూర్చున్న మా ఆయన్ని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. "అన్న బాగానే నిలబడతాడులే వదినా" అంది.

మా అత్త లెక్కలో డిస్కో అంటే షోకు చేసుకోవడం. ఎవరన్నా ఆడపిల్ల జుట్టు కత్తిరించుకుంటే "ఆ పిల్ల మరీ డిస్కో" అనేది. మా పిల్లలకు ఆగి ఆగి వెలిగే ట్యూబులైటు డిస్కో. కనిగిరి రోడ్డు గుంతలు పడిన కాలంలో, బస్సు దిగి వచ్చిన ఎవరిని కదిలించినా "దారంతా డిస్కో ఆడించినాడు" అనేవాళ్ళు. ఒక వేసవిలో మా మామ పేపరు చదువుతా గట్టిగా కేకేసినాడు. "ఇది చూసినావా, కరెంటు వాళ్ళ కంపెనీకి మన పేరు పెట్టినారు."

మా ఆయన లేచి వచ్చి చూసినాడు. "అది డిస్కో కాదు నాయనా, డిస్కం."

"అయితే వాళ్ళకు సున్నా దాకా గోడ సరిపోయినట్టుంది" అన్నాడు మా మామ. ఆ పూటంతా వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ మాట చెప్పినాడు.

డాన్సు సంగతి నేను మరిచిపోయినానని కాదు. మధ్యాహ్నం భోజనాలప్పుడు దుకాణం కొంతసేపు కట్టేసేవాళ్ళం. మగవాళ్ళు పడుకుంటే, నేను పైగదిలో తలుపు దగ్గరగా వేసుకుని, రేడియో సన్నగా పెట్టుకుని నాలుగడుగులు వేసేదాన్ని. ఒకసారి మా అత్త చెప్పకుండా తలుపు తోసుకుని వచ్చింది. నేను చెయ్యి పైకెత్తింది ఎత్తినట్టే ఉండిపోయినాను. మా అత్త మంచం మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటా, "ఆపినావేంది?" అంది.

"ఏం లేదత్తా."

"మా ఊర్లో కోలాటం వేసేటప్పుడు నేను ముందు వరసలో ఉండేదాన్ని. ఇప్పుడు ఈ మోకాళ్ళు పనికిరావు. కానీ, నువ్వు కానీ."

నేను సిగ్గుపడతానే ఆడినాను. ఆమె మంచం పట్టె మీద వేళ్ళతో దెబ్బ వేస్తా చూసింది. పాట అయిపోయాక "మా కోలాటంలో తిరుగుళ్ళు ఎక్కువ. ఇది నిలబడిన చోటే గదా" అని తేడా చెప్పింది. అంతే. ఆ తర్వాత ఎప్పుడైనా రేడియోలో హుషారు పాట వస్తే "ఏమ్మే, నీ పాట వస్తా ఉంది" అని వంటింట్లోకి కేకేసేది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. మంచి మనిషి.

ఇప్పుడు ఆ గోడా లేదు, ఆ మడత తలుపులూ లేవు. షట్టరు, పైన ఫ్లెక్సీ బోర్డు, దాని మీద దేవుడి పేరుతో మా దుకాణం అసలు పేరు. దాన్ని చదివే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఆటోవాళ్ళు ఇప్పటికీ "డిస్కో కాడ దిగేవాళ్ళు దిగండి" అనే అంటారు.

పోయిన ఏడాది మా చిన్నమ్మాయి పెళ్ళి కుదిరింది. హైదరాబాదులో ఉద్యోగం. పెళ్ళికొడుకు కూడా అక్కడే. వాళ్ళది గిద్దలూరు, ఇనుప సామాన్ల వ్యాపారం. మా కాలంలో సంగీత్ అనే మాట లేదు. ఇప్పుడు అది లేకుండా పెళ్ళి లేదు. పెళ్ళికి ముందు రోజు సాయంత్రం రెండు వైపుల వాళ్ళూ స్టేజీ ఎక్కి ఆడాలి. దానికొక థీమ్ ఉండాలంట. మా అమ్మాయి ఫోన్లో చెప్పింది.

"మా సంగీత్‌కు డిస్కో పెట్టుకున్నామమ్మా. నాయన పేరు మీద. అందరూ పాతకాలం డిస్కో బట్టలు వేసుకోవాల, పాత డిస్కో పాటలకే ఆడాల."

"మీ నాయన ఆడడు."

"ఆయన్ను నువ్వు ఒప్పియ్యి. అమ్మా, డిస్కో అంటే అసలు ఏందో తెలుసా నీకు? ఫ్రెంచి వాళ్ళ మాటంట. రికార్డులు దాచిపెట్టే గది అని అర్థం. బ్యాండు వాళ్ళు లేకుండా, ఆ రికార్డులే పెట్టుకుని జనం ఆడేవాళ్ళంట. ఆ చోటికి ఆ పేరు, ఆ పాటలకూ అదే పేరు."

అంటే మా నాయన అప్పుడు రికార్డింగ్ డాన్సా అని అడిగింది పూర్తిగా తప్పేం కాదన్నమాట. ఆయన ఉండి ఉంటే చెప్పేదాన్ని. చెప్పినా సంతోషించేవాడు కాదు.

డాన్సు నేర్పడానికి ఒక అమ్మాయిని కుదిర్చినారు. మార్కాపురం పిల్లే. వాళ్ళ నాయన పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. విజయవాడలో డాన్సు నేర్చుకుని వచ్చి, మందుల షాపు పైన గదిలో ఆడవాళ్ళకు క్లాసులు పెట్టింది. సాయంత్రాలు మా మిద్దె మీదికి వచ్చేది. నన్ను అత్తా అని, మా ఆయన్ని మామా అని పిలిచేది. మొదటి రోజే స్పీకరు పెట్టి, "డిస్కోలో కష్టం ఏమీ లేదు. నాలుగు దెబ్బలు, నాలుగూ సమానంగా పడతాయి. ఎక్కడ మొదలుపెట్టినా తప్పు కాదు" అని చెప్పింది. నేను వరసలో నిలబడి ఆడితే, ఆపి నా వైపు చూసింది.

"అత్తా, ఎక్కడ నేర్చుకున్నావు?"

"గోడౌన్లో" అన్నాను. ఆ పిల్లకు అర్థం కాలేదు. మా ఆడబిడ్డలు నవ్వుతా ఉంటే బస్తాలూ తుమ్ములూ అంతా చెప్పాల్సి వచ్చింది.

మా ఆయన మాత్రం మిద్దె మెట్ల దాకా వచ్చి, చూసి, దిగిపోయేవాడు. మా అమ్మాయి ఫోన్ చేసి బతిమాలింది. అల్లుడు కాబోయే పిల్లోడు కూడా అడిగినాడు. ఈయన ఒకటే మాట. "ఖర్చు ఎంతైనా పెడతా, వంటలు దగ్గరుండి చూసుకుంటా. స్టేజీ ఎక్కి ఎగరమంటే మాత్రం నా వల్ల కాదు." నేను బలవంతం చేయలేదు. రాని పని చేయించి మనిషిని నలుగురిలో ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం లేదు. కాకపోతే పెద్ద కోరిక కాకపోయినా నాదీ ఒక కోరిక ఉంది గదా, పక్కన నిలబడి ఒక్క పాటకన్నా ఆడితే బాగుండునని. దాన్ని లోపలే పెట్టుకున్నాను.

పెళ్ళి ఇంకో పది పదిహేను రోజులుందనగా, ఆ డాన్సు పిల్ల మా దుకాణానికి వచ్చింది. పిల్లలందరికీ ఒకే రకం చెమ్కీ గుడ్డ కావాలంది. అది పై అరలో ఉంది. మా ఆయన స్టూలు వేసుకోడు, ఆయనకు అలవాటు. ఎడమ చెయ్యి నడుము మీద పెట్టుకుని, ఒక పక్కకు ఒరిగి, కుడి చెయ్యి ఏటవాలుగా పైకి చాపి, వేలితో గుడ్డ తానును కొంచెం కదిపినాడు. అది జారి చేతిలో పడింది. బల్ల మీద వేసి ఒక్క విసురు విసిరితే గుడ్డ చివరిదాకా పరుచుకుంది. మీటరు కడ్డీ పెట్టి కొలిచినాడు. పిల్ల ఇంకో రంగు చూస్తానంటే, రెండు చేతులూ గిరగిరా తిప్పుతా మళ్ళీ తాను చుట్టేసినాడు.

డాన్సు పిల్ల గుడ్డ చూడటం మానేసి ఆయన్నే చూస్తా ఉంది. "మామా, ఇంకొకసారి తియ్యి."

"ఏ రంగు?"

"ఏదైనా. పై అరలోది."

ఆయన మళ్ళీ నడుము మీద చెయ్యి పెట్టి, ఒరిగి, పైకి చూపించినాడు. పిల్ల నా వైపు తిరిగింది. "అత్తా, ఇది డిస్కో. చెయ్యి పైకి పెట్టేది, నడుము ఒక పక్కకు పెట్టేది, చేతులు చుట్టేది. నేను మీకు వారం నుంచి నేర్పుతున్నదే. మామకు రాకపోవడమేంది, పొద్దున లేచిన కాడ్నించి చేస్తా ఉంటే."

మా ఆయన కత్తెర పట్టుకుని అట్లనే నిలబడినాడు. దుకాణంలో ఇంకెవరన్నా ఉన్నారా అని చూసుకున్నాడు. "బిల్లు రాయమంటావా?" అన్నాడు. పిల్ల నవ్వి గుడ్డ తీసుకుని పోయింది.

భోజనం చేసేటప్పుడు ఆయన పెరుగన్నం కలుపుతా అడిగినాడు. "ఆ పిల్ల చెప్పింది నిజమేనా? నేను అట్ల నిలబడతానా?"

"ఎప్పుడూ అంతే గదా."

"నువ్వెప్పుడూ చెప్పలేదే."

"నాకూ ఇవాళే తెలిసింది. చూస్తానే ఉన్నా గానీ డాన్సు అనుకోలేదు."

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, "షట్టరు వేసే ఉంది గదా. ఆ పాట నీ ఫోన్లో ఉందా?" అన్నాడు.

ఇద్దరం కిందికి పోయినాం. షట్టరు వేసిన దుకాణంలో ఎండాకాలం మధ్యాహ్నం ఎట్ల ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఫ్యాను పెద్దది పెట్టినాం. నేను ఫోను గల్లా పెట్టె మీద పెట్టి పాట వేసినాను. ఆయన అర ముందు నిలబడి ఎదురు చూసినాడు. "ఎప్పుడు తియ్యాల?"

"దెబ్బ పడినప్పుడు."

"అన్నీ ఒకే తీరుగా పడుతున్నాయి గదా."

"అందుకే, ఎప్పుడైనా తియ్యొచ్చు."

ఆయన తీసినాడు. విసిరినాడు. కొలిచినాడు. చుట్టినాడు. మొదట్లో దెబ్బకూ ఆయనకూ సంబంధం లేదు. మూడో నాలుగో సారికి విసురు సరిగ్గా దెబ్బ మీద పడింది. ఆయనకు తెలిసింది. మొహంలో ఒక వెలుగు వచ్చింది. నేను గుడ్డ రెండో కొన పట్టుకుని ఎదురుగా అడుగులు వేసినాను. ఇద్దరికీ చెమటలు కారిపోయినాయి. ఆయన చొక్కా పై గుండీ తీసుకుని "ఇంకొకసారి పెట్టు" అన్నాడు. ఆయన నోట ఆ మాట వింటానని నేను అనుకోలేదు.

ఆ తర్వాత ప్రతి మధ్యాహ్నం అదే పని. డాన్సు పిల్ల వచ్చి రెండు మార్పులు చెప్పింది, మిగతాది ఆయన ఇష్టానికి వదిలేసింది. పిల్లలెవరికీ చెప్పలేదు.

సంగీత్ రోజు సాయంత్రం కల్యాణమంటపం నిండిపోయింది. తిరిగే రంగుల లైటు ఒకటి పైన వేలాడదీసినారు. గిద్దలూరు వాళ్ళు ముందు ఆడినారు. మా వియ్యంకుడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి, అడుగు మరిచిపోయి, చప్పట్లు కొడతా నిలబడిపోయినాడు. వియ్యపురాలు స్టేజీ ఎక్కలేదు. ఆమె కొంచెం గంభీరమైన మనిషి. ముందు వరసలో పట్టుచీర సర్దుకుని కూర్చుని, "నాకు ఇవన్నీ రావమ్మా" అని నాతో అంది. పెళ్ళిచూపుల నుంచి ఆమెతో మాట్లాడాలంటే నాకు కొంచెం బెరుకు.

మా పాట మొదలైంది. మా ఆయన తెల్ల ప్యాంటు, మెరుపు చొక్కాతో, భుజాన వెండి రంగు చెమ్కీ తాను వేసుకుని స్టేజీ మీదికి వచ్చినాడు. మంటపంలో ఒక్క నిమిషం ఎవరూ నమ్మలేదు. మా చిన్నమ్మాయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆయన ఎవరి వైపూ చూడలేదు. నడుము మీద చెయ్యి పెట్టి, ఒరిగి, పైకి వేలు చూపించినాడు. వెనక నుంచి ఎవరో "డిస్కో మామా" అని అరిచినారు. నేను రెండో పక్క నుంచి వచ్చినాను. దెబ్బ వినగానే నా కాళ్ళు కదిలినాయి.

అంతా బాగా పోతా ఉంటే, విసిరేటప్పుడు తాను ఆయన చేతిలోంచి జారింది. స్టేజీ దిగి, పరుచుకుంటా పరుచుకుంటా పోయి, సరిగ్గా వియ్యపురాలి కాళ్ళ దగ్గర ఆగింది. మా ఆయన ఆగిపోయినాడు. పాట మాత్రం ఆగలేదు గదా.

వియ్యపురాలు వంగి తాను ఎత్తుకుంది. ఒక్క క్షణం చూసింది. తర్వాత లేచి, వ్యాపారస్తుల ఇంటి మనిషి గదా, నేల మీద గుడ్డ మురికవుతుందని అనుకుందో ఏమో, రెండు చేతులతో దాన్ని చుట్టుకుంటా స్టేజీ వైపు నడిచి వచ్చింది. చుట్టేది సరిగ్గా దెబ్బకు పడుతూ ఉంది. జనం ఈలలు వేసినారు. స్టేజీ మెట్లు ఎక్కి తాను మా ఆయన చేతిలో పెట్టి దిగిపోబోతే, నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నన్ను చూసింది. దిగలేదు. ముగ్గురం ఆ పాట పూర్తి చేసినాం. ఆమెకు అడుగులు రావన్నది నిజమే. కానీ నవ్వు ఎంత బాగుంటుందో ఆ రోజే చూసినాను.

దిగినాక మా అమ్మాయి వాళ్ళ నాయన్ను గట్టిగా పట్టుకుంది. ఆయన "వంటవాళ్ళు బజ్జీలు వేయడం మొదలుపెట్టినారో లేదో చూసొస్తా" అని తప్పించుకుని పోయినాడు. కాసేపటికి నేను పోయి చూస్తే, వంటల దగ్గర నలుగురి మధ్యన నిలబడి, తాను ఎక్కడ జారిందో చేతులతో చూపిస్తా చెబుతున్నాడు.

పెళ్ళి బాగా జరిగింది. పిల్లలు హైదరాబాదు పోయినారు. వియ్యపురాలికీ నాకూ బెరుకు పోయింది. వారానికి రెండుసార్లయినా ఫోను చేసుకుంటాం. మొన్న ఆమె ఫోన్ చేసి, వాళ్ళ చెల్లెలి కొడుకు పెళ్ళి ఉందనీ, సంగీత్‌లో మమ్మల్ని ముగ్గుర్నీ మళ్ళీ ఆడమంటున్నారనీ చెప్పింది. "అన్నను ఒప్పించాల్సింది నువ్వే" అంది. ఒప్పించే పని పడలేదు. ఆయన పక్కనే ఉండి విన్నాడు. "ఆదివారం దుకాణం సెలవే గదా" అన్నాడు.

ఆదివారం పొద్దున రైలుకు గిద్దలూరు పోయినాం. కంభం దాటినాక కిటికీలోంచి నల్లమల కొండలు వానకు పచ్చగా కనపడినాయి. వియ్యపురాలు ఉగ్గాని చేసి పెట్టింది. తిన్నాక, వియ్యంకుణ్ణి కూడా కలుపుకుని నలుగురం వాళ్ళ మిద్దె మీద ప్రాక్టీసు చేసినాం. ఈసారి వియ్యంకుడు అడుగు మరిచిపోలేదు. మరిచిపోతే ఆమె చూసే చూపు ఆయనకు తెలుసు. సాయంత్రం వచ్చేటప్పుడు వాళ్ళు ఒక బుట్ట సీతాఫలాలు కట్టిచ్చినారు. రైల్లో బుట్ట ఒళ్ళో పెట్టుకుని మా ఆయన కాసేపు కునుకు తీసినాడు. ఇంటికి చేరేసరికి రెండు కాయలు మెత్తబడినాయి. వంట సంగతి తర్వాత చూద్దామని, వాకిట్లో కూర్చుని ముందు వాటిని తిన్నాం.